టీచర్ కోడికి దిష్టి చుక్క

మా పుట్టింటి వైపు నోరు లేనివాళ్ళు ఎవరూ లేరు. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని మాట్లాడితే పక్క వీధిలోంచి జవాబు వచ్చేది. మా అమ్మా అంతే, నేనూ అంతే. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా నాతో గొడవ పెట్టుకుని గెలిచినవాళ్ళు లేరని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటారు. అది మెచ్చుకోలో ఏడుపో నాకిప్పటికీ తెలీదు. అలాంటి నన్ను తీసుకెళ్ళి, అమెరికాలో అరోరా అనే ఊళ్ళో, కిండర్‌గార్టెన్ పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీలో కూర్చోబెట్టి, "మీ అమ్మాయి మాట్లాడదు" అంది టీచర్.

"మాట్లాడదా? ఇదా?" అన్నాను. ఆవేశంలో తెలుగులోనే అనేశాను. బల్ల కింద మా ఆయన నా కాలు తొక్కారు.

అది అక్టోబరు నెల. రెండువేల ఆరో, ఏడో. మేం అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు. మా పిల్లకి ఐదేళ్ళు. టీచర్ చెప్పింది చెప్పినట్టు మా ఆయన నాకు విడమర్చారు. స్కూలు మొదలైన దగ్గర్నుంచీ మా పిల్ల క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదట. చెప్పింది వింటుందట, బొమ్మలు వేస్తుందట, ఆడుకుంటుందట. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా వేలు చూపిస్తుంది తప్ప నోరు తెరవదట. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ సెలవుల దాకా చూస్తారు. అప్పటికీ మాట్లాడకపోతే స్పెషలిస్టు చేత టెస్ట్ చేయించి, ఊరికి ఆ చివర ఇంకో స్కూల్లో ఉన్న స్పెషల్ క్లాసుకి బస్సులో పంపిస్తారు.

ఆవిడ మంచిదే, అబద్ధం ఎందుకు చెప్పాలి. పొడుగ్గా, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉండేది. పిల్లలతో మాట్లాడాలంటే మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ ఎత్తుకి దిగేది. కానీ ఆ పూట నాకా మంచితనం ఏమీ కనపడలేదు. కార్లో ఇంటికొచ్చేదాకా ఒకటే వాగాను. "దీనికి మాట రాదా? దీనికి టెస్టా? నిద్రలో కూడా ఆపదు కదండీ ఇది!" వెనక సీట్లో అది, "అమ్మా, అదిగో బాతులు! రోడ్డు దాటుతున్నాయి! నాన్నా, ఆపు, ఆపు! అన్నిటికంటే వెనకున్నది బద్ధకంగా నడుస్తోంది చూడు" అని తన పాట తను పాడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక అడిగాను, స్కూల్లో ఎందుకు మాట్లాడవే అని. గౌను అంచు పట్టుకుని నలుపుతూ నిలబడింది. బతిమాలాను, కోప్పడ్డాను, చాక్లెట్ ఇస్తానన్నాను. ఊహూఁ. ఆ ఒక్క ప్రశ్నకి తప్ప లోకంలో ఉన్న ప్రశ్నలన్నిటికీ దాని దగ్గర జవాబుంది.

నాకా ఉద్యోగం చేసే వీసా లేదు. మా ఆయన ఆఫీసుకి, అది స్కూలుకి వెళ్ళిపోతే అపార్ట్‌మెంట్‌లో కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. అలా తిరుగుతున్న రోజుల్లో దాని బ్యాగులో ఒక కాగితం వచ్చింది. సెలవుల ముందు రోజు క్లాసులో పిల్లలకి థాంక్స్‌గివింగ్ విందు, తల్లులూ తండ్రులూ రావచ్చు. పిల్లలు ఒక్కొక్కరూ లేచి, ఈ ఏడాది తమకి దొరికిన మంచి ఏమిటో "ఐయామ్ థాంక్‌ఫుల్ ఫర్" అని ఒక్క ముక్క చెప్పాలి. ఎవరి చోటు ఎవరిదో తెలియడానికి బల్ల మీద పేర్లు రాసిన టర్కీ కోడి బొమ్మలు పెడదామనుకుంటున్నాం, ఎవరైనా చేసిస్తారా, కాగితంతో అయినా చాలు అని రాసింది టీచర్.

కాగితమా! నేనుండగా!

మర్నాడు పొద్దున్నే స్కూలు తలుపు దగ్గర ఆవిణ్ణి ఆపేశాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా బయటికి తీసి, "ఐ విల్ మేక్. ఆల్. విత్ క్లాత్. విత్ ఎంబ్రాయిడరీ" అన్నాను. ఆవిడ, "ఆల్?" అంది. "ఆల్!" అన్నాను. నా లెక్క నాకుంది. నా చేతిపని ఆ బల్లంతా పరుచుకుని ఉంటే ఆ గది పిల్లకి మా ఇల్లులా అనిపిస్తుంది. ఇంట్లో ఆగని నోరు అక్కడ మాత్రం ఎందుకాగుతుంది? ఆ విందులో అది లేచి ఆ ఒక్క ముక్క చెప్పిందంటే టెస్టూ లేదు, బస్సూ లేదు.

సాయంత్రం మా ఆయనకి చెప్తే, "క్లాసు మొత్తానికా? ఒక్కదానివేనా? కోళ్ళఫారం పెడుతున్నావా ఏంటే?" అన్నారు. అన్నారే గానీ, శనివారం తనే క్రాఫ్ట్ షాపుకి తీసుకెళ్ళారు.

ఆ షాపు గురించి చెప్పాలి. అంత పెద్ద కొట్టు నిండా చేతిపని సామానే! పూసలు, రిబ్బన్లు, సూదుల్లోనే గోడ పట్టినన్ని రకాలు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మా అమ్మమ్మ నాకు కుట్టు నేర్పిన రోజుల్లో ఎర్రదారం అయిపోతే బస్సెక్కి భీమవరం వెళ్ళేవాళ్ళం. ఇక్కడ ఒక్క ఎరుపులోనే కుంకుమ ఎరుపు, దానిమ్మ ఎరుపు, ఇటుక ఎరుపు, ఏది కావాలో తేల్చుకోలేక నిలబడిపోయాను. ఫెల్ట్ గుడ్డ చేత్తో పట్టుకోవడం అదే మొదలు. పడుగూ లేదు, పేకా లేదు. మెత్తగా, మందంగా, దోసెలా ఉంది. కత్తిరిస్తే పోగు ఊడదట, అంచు మడిచి కుట్టక్కర్లేదట. "ఏవండీ, ఈ గుడ్డకి అంచే అక్కర్లేదటండీ!" అని అరిచాను. షాపంతా తిరిగి చూసింది. చూడనీ! మెంతి రంగు, తేనె రంగు, కనకాంబరం, వంకాయ రంగు, దొరికినవన్నీ బండిలో వేశాను. నెమలికంఠం రంగు కూడా వేస్తుంటే మా ఆయన, "టర్కీ కోడి ఆ రంగులో ఉండదు" అన్నారు.

"మనం చేసేది ఉంటుంది" అన్నాను.

మొదటి రోజే ఒక ముక్క తగలేశాను. ముడతలు పోవాలని ఇస్త్రీపెట్టె పెడితే చుర్రుమని కరిగి పెట్టెకి అతుక్కుపోయింది. అది నూలు కాదు, ఉన్నీ కాదు, ప్లాస్టిక్ లాంటిదేదో అని నాకేం తెలుసు? ఇల్లంతా కమురు కంపు, ఫైర్ అలారం కూత, నేను తువ్వాలుతో దానికి విసరడం, మా పిల్ల చెవులు మూసుకుని గెంతడం. అయినా నా ఉత్సాహం ఇంత కూడా తగ్గలేదు.

లైబ్రరీ పుస్తకంలో బొమ్మ చూసి అట్టముక్క మీద నమూనా గీసుకున్నాను. ముదురు గుడ్డ మీద పెన్సిల్ ఆనదు, అందుకని మా ఊళ్ళో టైలర్లు చేసినట్టు అరిగిపోయిన సబ్బు ముక్కతో గీతలు గీశాను. ఒళ్ళు గుండ్రంగా గోధుమ రంగు. వెనకాల ఈకలు విసనకర్రలా, ఒక్కో ఈకా ఒక్కో రంగు, ఈక చుట్టూ కాజా కుట్టు. పొట్ట మీద పిల్లల పేర్లు కాడ కుట్టుతో. ముక్కు కింద వేలాడే ఎర్ర తోలుకి దానిమ్మ ఎరుపు. లోపల దూది కూరితే బుజ్జిగా, బొద్దుగా బల్ల మీద కూర్చున్నాయి. మొదటి కోడి పూర్తయ్యాక దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. చెప్పొద్దూ, నా పెళ్ళి చీర చూసి కూడా అంత మురిసిపోలేదు.

పిల్ల స్కూలు నుంచి రాగానే నా పక్కన చేరేది. దూది అందించేది, దారం కొసలు తడిపి ఇచ్చేది, ఏ కోడి ఎవరిదో, ఆ పిల్ల ఎలా నవ్వుతుందో, ఆ పిల్లాడు ముక్కులో వేలు ఎలా పెట్టుకుంటాడో అంతా చెప్పేది. మాట్లాడకుండానే క్లాసంతా చదివేసింది! టీచర్ కోడికి నెమలికంఠం తనే ఏరింది. "మా టీచర్‌దే అన్నిటికంటే బాగుండాలి" అని ఈకలు రెండు వరసలు పెట్టించింది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో పులుసు మరుగుతుంటే ముందుగదిలోంచి ఇంగ్లీషు వినపడింది. టీవీ అనుకున్నాను. తొంగి చూస్తే, మా పిల్ల కోళ్ళన్నిటినీ సోఫా మీద వరసగా కూర్చోబెట్టి, తను కింద మోకాళ్ళ మీద కూర్చుని పాఠం చెప్తోంది. అచ్చం ఆ టీచర్ గొంతు, ఆ సాగదీత, ఆ తల ఊపడం! "ఓకే ఫ్రెండ్స్, ఐజ్ ఆన్ మీ. యూజ్ యువర్ ఇన్‌సైడ్ వాయిస్, ప్లీజ్." తర్వాత ఒక్కో కోడినీ లేపి "ఐయామ్ థాంక్‌ఫుల్ ఫర్ మై డాగ్", "ఐయామ్ థాంక్‌ఫుల్ ఫర్ పీజా" అని చెప్పించింది. నేను గరిటె పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. మెల్లిగా వెనక్కొచ్చి మా ఆయనకి ఆఫీసుకి ఫోన్ కొట్టాను.

"ఏవండీ, దీనికి వచ్చండీ! అంతా వచ్చు! నాకంటే బాగా వచ్చు!"

"మరి అక్కడెందుకు మాట్లాడదు?" అన్నారాయన.

అదే కదా. అదే నన్ను తినేస్తోంది. రానిదైతే నేర్పించుకుంటాం. వచ్చి కూడా నోరు కుట్టేసుకుని కూర్చున్నదాన్ని ఏం చేస్తాం?

కోళ్ళన్నీ పూర్తయ్యాక నల్లదారం తీశాను. మా అమ్మమ్మ పద్ధతి అది. ఇంట్లోంచి ఏ చేతిపని బయటికెళ్ళినా, ఎంత మంచి కుట్టైనా, ఒక మూల నల్లదారంతో ఒక ముడి వేసేది. దిష్టి చుక్క. నలుగురి కళ్ళూ పడేది కదా మరి. ఒక్కో కోడి చెంప మీద ఒక్కో ముడి కుట్టు వేస్తుంటే మా ఆయన చూసి పడీపడీ నవ్వారు. "ఎల్లుండి పండక్కి ఇంటింటా ఓవెన్‌లోకి పోయే పక్షికి దిష్టేంటే! దానికి తగలాల్సింది ఎప్పుడో తగిలింది!" నవ్వుకోనీ అని నా పని నేను చేసుకున్నాను.

"టీచర్ కోడికి నేను పెడతా" అంది పిల్ల.

దానికి ముడి కుట్టు రాదు. సూదికి దారం రెండుసార్లు చుట్టి, పక్కనే గుచ్చి, వేలితో నొక్కిపట్టి లాగాలి. చూపించాను. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, రెండుసార్లు చిక్కుపడేసి మూడోసారికి వేసింది. కొంచెం లావుగా, కొసలు పైకి లేచి, మిరియం గింజలా వచ్చింది. "చెంపకే పెట్టాను, కనపడేట్టు" అంది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే తనకి మాత్రం చెంప మీద వద్దంటుంది. స్కూలు మొదటిరోజు తల దువ్వి, కాటుకతో ఇంత చుక్క చెంపకి పెట్టి పంపాను. సాయంత్రం వచ్చి, "రేపట్నుంచి అరికాల్లో పెట్టమ్మా" అంది. చూశావా, అప్పుడే షోకు మొదలైంది అనుకుని, అప్పట్నుంచీ సాక్సు తొడిగే ముందు అరికాల్లోనే పెడుతున్నాను.

విందు రోజు నేనే కార్ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. లైసెన్స్ వచ్చి నెల కాలేదు. పక్క సీట్లో అట్టపెట్టె, దాని నిండా కోళ్ళు, వాటికీ సీటు బెల్టు పెట్టాను. క్లాసులో బల్లలన్నీ కలిపి పొడుగ్గా వేసి, పైన కాగితం పరిచి, నారింజ రంగు గుమ్మడికాయలు పెట్టారు. ఎవరి చోట వాళ్ళ కోడిని పెట్టేసరికి, అబ్బబ్బ, ఆ గది చూడాలి! పిల్లలు వాటిని ఎత్తి ముద్దులు పెట్టుకుంటున్నారు. తల్లులు "ఓ మై గాష్, యూ మేడ్ దీజ్?" అని చుట్టూ మూగారు. నేను గాల్లో తేలుతున్నాను. ఒక్కటే కొరత. మా పిల్ల తన చోట కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించి ఉంది. నా వైపు కూడా చూడటం లేదు. లెక్క తప్పింది, ఇది ఇక్కడ నోరు తెరవదు, సెలవులయ్యాక బస్సే అనుకున్నాను.

నా చేతికి జ్యూస్ జగ్గు ఇచ్చారు. బల్ల ఈ చివర పోసుకుంటూ వస్తున్నాను. ఆ చివర టీచర్ ఫోటో కోసమని కోళ్ళని సర్దుతూ తన పేరున్న కోడిని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. చెంప మీద నల్లగా, కొసలు లేచిన ముడి కనపడింది. కుట్టులో మిగిలిపోయిన దారం అనుకుంది కాబోలు. బల్ల మీదున్న చిన్న కత్తెర తీసి టక్కున కత్తిరించి, మిగిలిన పోగు గోటితో లాగేసింది. లాగేసి, నాకు సాయం చేసినట్టు నావైపు చూసి నవ్వింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నా పిల్ల నాలుక బయటపెట్టి వేసిన ముడి! జగ్గు బల్ల మీద పెట్టాను. నోరు తెరిచాను. ఇంగ్లీషో తెలుగో, ఏది ముందొస్తే అది అనేసేదాన్నే.

"తియ్యొద్దు!"

ఆ అరుపు నాది కాదు.

మా పిల్ల కుర్చీ తోసేసి పరుగెత్తి వెళ్ళి టీచర్ చొక్కా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని గుంజుతోంది. "నో! డోంట్ కట్! ఐ పుట్ దట్! మై అమ్మ డిడ్‌న్ట్, ఐ పుట్! ఫర్ యూ! సో పీపుల్స్ ఐజ్ డోంట్ హర్ట్ యూ!"

టీచర్ కత్తెర పక్కన పడేసి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ ఎత్తు తగ్గేసరికి మా పిల్లకి ఇంకా ధైర్యం వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టింది. ఆ నిలబడటం ఎవరిదో నాకు తెలుసు, రోజూ అద్దంలో చూస్తాను. "ఫస్ట్ డే ఆల్సో యూ టుక్ మై డాట్! విత్ వెట్ పేపర్! ఐ హ్యాడ్ ఎ డాట్ హియర్!" అని తన చెంప మీద వేలితో పొడిచి చూపించింది.

ఆవిడ ముఖం చూడాలి. "ఓ, హనీ. నేను మట్టి అనుకున్నాను" అంది. "ఇట్స్ నాట్ డర్ట్!" అంది ఇది. "మై అమ్మ పుట్స్ ఇట్. ఎవ్రీ డే. బికాజ్ ఐయామ్ ప్రెటీ." వెనకాల ఎవరో తండ్రి ఫక్కున నవ్వి ఆపుకున్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మొదటిరోజు సాయంత్రం శుభ్రంగా ఉన్న దాని చెంప నా కళ్ళ ముందు కనపడింది. చెమటకి పోయిందనుకున్నాను.

టీచర్ దాని రెండు చేతులూ పట్టుకుని సారీ చెప్పింది. ఊరికే పైపైన కాదు, కళ్ళలో నీళ్ళతో చెప్పింది. "నా కోడికి మళ్ళీ పెడతావా, నువ్వే?" అని అడిగింది. పిల్ల నా వైపు తిరిగి, "అమ్మా! నల్లదారం!" అని కేకేసింది, మా అమ్మమ్మ అరుగు మీద నుంచి కేకేసినట్టు. నా హ్యాండ్‌బ్యాగులో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. క్లాసంతా చుట్టూ మూగి చూస్తుంటే అది నేల మీద బాసింపట్టు వేసుకుని, నాలుక బయటపెట్టి, చుట్టి, గుచ్చి, నొక్కి లాగింది. ఈసారి ముందుకంటే లావుగా వచ్చింది. టీచర్ దాన్ని అందరికీ ఎత్తి చూపించింది.

తర్వాత ఒక్కొక్కరే లేచి థాంక్‌ఫుల్ చెప్పారు. మమ్మీ, డాడీ, కుక్క, పీజా. మా పిల్ల వంతు వచ్చింది. ఒక్క ముక్క చెప్పమంటే అది అమ్మతో మొదలుపెట్టి, నాన్న, బాతులు, నల్లదారం, రాబోయే మంచు, మా ఇంట్లో మోగిన ఫైర్ అలారం, ఇంకా ఏవేవో చెప్పుకుంటూ పోయింది. చివరికి టీచరే, "థాంక్యూ స్వీట్‌హార్ట్, ఇంక పక్కవాళ్ళని కూడా చెప్పనిద్దామా?" అని ఆపాల్సి వచ్చింది. ఆవిడ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, ఇంకే టెస్టూ అక్కర్లేదన్నట్టు. నేను జ్యూస్ జగ్గు ఎత్తుకుని, అప్పటికే నిండుగా ఉన్న కప్పుల్లో ఇంకా పోసేశాను. బల్లంతా జ్యూసే.

కార్ ఎక్కాక ఉండబట్టలేకపోయాను. అద్దంలోంచి దాన్ని చూస్తూ, "ఏమే, మొదటిరోజు టీచర్ చుక్క తుడిచేసిందని నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే నువ్వొచ్చి మా టీచర్‌తో గొడవ పెట్టుకుంటావుగా" అంది. "మా టీచర్ మంచిదమ్మా."

"సరే, నాకు చెప్పలేదు. మరి అక్కడ నోరెందుకు మూసుకున్నావు?"

కిటికీలోంచి చూస్తూ అంది, "నాకూ నీలాగే కోపం వస్తుందిగా అమ్మా. నోరు తెరిస్తే అదే ముందొచ్చేస్తుందని."

సిగ్నల్ పచ్చబడినా కదల్లేదు, వెనకవాడు హారన్ కొట్టాడు. ఇంటికెళ్ళేదాకా నా నోరు పెగిలితే ఒట్టు. అదేమో వెనక సీట్లో, "అమ్మా, వచ్చే ఏడాది టీచర్ కోడికి మూడు వరసల ఈకలు పెడదాం, అదిగో బాతులు, అమ్మా, చూడు, చూడమంటే" అని ఒక్క నిమిషం ఆపకుండా మాట్లాడుతూనే ఉంది.